తిండి అయ్యిందాప్పా? బెంగళూరు ఇంటి తెలుగు విశేషాలు

◆ బెంగళూరులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది? 2011 జనాభా లెక్కల్లో నూటికి దాదాపు పద్నాలుగు మంది తమ మాతృభాష తెలుగని రాయించారు. కన్నడం, తమిళం తర్వాత మూడో వరస మనది. ఉర్దూ మన వెనకాలే ఉంది. ఈ లెక్క వినగానే మారతహళ్లి పీజీ హాస్టళ్లు, ఆంధ్రా మెస్సులు గుర్తొస్తాయి గానీ, ఆ జనం నిన్నగాక మొన్న దిగినవాళ్లు. వాళ్లకంటే ముందు ఈ ఊళ్లో తరాల తరబడి తెలుగు మాట్లాడుతున్నవాళ్లున్నారు. పాత పేటల్లో కోమట్లు, బలిజలు, దేవాంగులు. వర్తూరు, బెళ్లందూరు వైపు రెడ్లు. వీధులూడ్చేవాళ్లు, రాళ్లు కొట్టేవాళ్లు. వీళ్లలో చాలామందిని సొంతూరేదని అడిగితే బెంగళూరనే అంటారు. సంక్రాంతికి బస్సెక్కి పోవడానికి వాళ్లకు వేరే ఊరు లేదు. ఈ కబుర్లు ఎక్కువగా వాళ్ల తెలుగు గురించే.

◆ 1537లో బెంగళూరు పేట కట్టించిన కెంపేగౌడ పేరు మీద తెలుగులో ఒక యక్షగానం ఉంది. దాని పేరు ‘గంగాగౌరీ విలాసం’. రాసింది ఆ కెంపేగౌడా, ఆ వంశంలో అదే పేరున్న మరొకరా అన్న తర్కం పండితులకు వదిలేద్దాం. యలహంక ప్రభువుల ఇంట తెలుగు రాత ఉండడంలో వింతేమీ లేదు. వాళ్లది మొరసునాడు. ఇప్పటి బెంగళూరు, కోలారు, హోసూరు, కుప్పం పరిసరాలన్నీ కలిసిన పాత సీమ అది. మూడు రాష్ట్రాల సరిహద్దు గీతలు దాని మీద నిన్న మొన్న పడ్డవే. ఆ సీమలో మునియప్ప, మునివెంకటప్ప, మునిరత్నం, మునెమ్మ లాంటి పేర్లు అడుగడుగునా వినబడతాయి. మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఆ పేరు చూసి చెప్పలేం, కన్నడమైనా తెలుగైనా కావచ్చు.

◆ 1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఇంగ్లీషు దొరతనపు వైద్యుడు మైసూరు రాజ్యమంతా తిరిగి, పంటలు, నేతలు, కులాల వివరాలన్నీ రాసుకున్నాడు. 1807లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ పుస్తకంలో తెలుగు బణజిగలు, కోమట్లు, తెలుగు దేవాంగులు కనిపిస్తారు. టిప్పు సుల్తాన్ చనిపోయి అప్పటికి ఏడాదే. అంటే ‘తెలుగోళ్లు ఐటీతో వచ్చారు’ అనేవాళ్లు కనీసం రెండు శతాబ్దాలు వెనక్కి జరగాలి.

◆ ఇక మాట ఎట్లుంటుందో వినండి. చామరాజపేటలోనో కబ్బన్‌పేటలోనో ఒక పాత ఇంట్లో ఫోను మోగితే వినబడే సంభాషణ ఇంచుమించు ఇట్లా ఉంటుంది.

‘యాడుండావప్పా? తిండి అయ్యిందా?’

‘ఆయమ్మా. నీదయ్యిందా?’

‘ఇంకా లేదు. ఊరికే కూర్చోనుండా. బేజారైతాంది.’

‘సొల్పం లేటుగా వస్తా. చారు పెట్టు, ముద్ద నేనొచ్చి కెలుకుతా.’

దీంట్లో ‘యాడ’, ‘ఉండా’, ‘అయితాంది’ అన్నీ అనంతపురం, చిత్తూరు మాటలే. వాటికి పాస్‌పోర్టు అక్కర్లేదు. ‘తిండి అయ్యిందా’ మాత్రం కన్నడం పలకరింపు. కన్నడంలో తిండి అంటే పొద్దుటి పలహారం. గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన కోడలు ఈ మాట వింటే, తన తిండి లెక్కపెడుతున్నారేమోనని ముఖం ముడుచుకునే ప్రమాదముంది. ‘బేజారు’ది ఇంకా దూరప్రయాణం. పారసీకంలో పుట్టి, దక్కనీ ఉర్దూలో తిరిగి, కన్నడంలో స్థిరపడి, అక్కణ్నుంచి ఈ ఇంటి తెలుగులోకి దిగింది. ‘సొల్పం’ మన ‘స్వల్పమే’. మనం పుస్తకాలకు అప్పగించిన మాటను కన్నడిగులు వీధిలో వాడుకుంటూ ఉంచారు. బెంగళూరు తెలుగువాళ్లకు అది వాళ్ల దగ్గర్నుంచి తిరిగొచ్చింది.

మర్యాద సంగతి కూడా చూడాలి. కోస్తా చెవికి ఈ మాటల్లో ‘మీరు’, ‘అండి’ తక్కువ వినబడతాయి. దాన్ని మోటుతనమనుకోవడం తొందరపాటు. ఇక్కడ గౌరవమంతా వాక్యం చివర ఉంటుంది: రాప్పా, చెప్పన్నా, కూర్చోమ్మా. మామగారిని కూడా ‘నువ్వు’ అంటూనే, గొంతు దించి, చివర ఒక ‘ప్పా’ చేర్చి సరిపెట్టే ఇళ్లున్నాయి.

◆ తెలుగు పాలు కన్నడంలో హాలు. పులి హులి. పువ్వు హూవు. పాత కన్నడంలో వాళ్లకూ ఇవన్నీ ‘ప’లే. సుమారు వెయ్యేళ్ల కిందట మొదలై, కొన్ని శతాబ్దాల్లో ‘ప’ పోయి ‘హ’ వచ్చింది. తెలుగు కదల్లేదు. ఈ తేడా నాలుకకు తెలియాలంటే జనవరిలో బెంగళూరు రావాలి. చిత్తూరు వైపు అనపకాయలంటారే, అవే ఇక్కడ అవరెకాయలు. గింజలు నానబెట్టి, వేళ్లతో పితికి పొట్టు తీస్తే చిత్తూరులో అది పితికిపప్పు, కన్నడంలో హితికిద బేళె. పేరులో ఒక్క అక్షరం అటూ ఇటూ అయింది గానీ, పితికే వేళ్ల నొప్పి రెండు భాషల్లోనూ సమానమే. విశ్వేశ్వరపురం వైపు ఏటా జరిగే అవరెబేళె మేళాను నడిపే తినుబండారాల దుకాణం పేరు వాసవి. పెనుగొండ కన్యకా పరమేశ్వరి పేరు అది. ఆ పేరు పెట్టుకున్నది ఎవరో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

◆ తెలుగు అనర్గళంగా మాట్లాడి, తెలుగు అక్షరం ఒక్కటి కూడా చదవలేనివాళ్లు బెంగళూరులో కొల్లలు. బడిలో నేర్చింది కన్నడం, ఉద్యోగంలో ఇంగ్లీషు. అయినా తెలుగు పుస్తకం వాళ్ల ఇంట్లో ఉంటుంది, కన్నడ లిపిలో. త్యాగరాజ కీర్తనలు, అన్నమయ్య పదాలు, వ్రతకథలు, తత్త్వాలు అన్నీ కన్నడ అక్షరాల్లో దొరుకుతాయి. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే. విజయనగరం నాటికి కూడా అన్నదమ్ముల్లాగే ఉన్నాయి కాబట్టి ఈ సర్దుబాటు సులువుగానే సాగింది.

దీనికి పెద్ద ఉదాహరణ కైవారం తాతయ్య. బెంగళూరుకు ఈశాన్యాన, చింతామణి తాలూకా కైవారంలో పుట్టిన నారాయణప్ప మొదట గాజుల మలారం మోసుకుని ఊళ్లు తిరిగిన బలిజ. తర్వాత యోగి నారేయణ యతీంద్రులయ్యారు. 1726లో పుట్టి 1836 దాకా, అంటే నూటపదేళ్లు బతికారని భక్తుల లెక్క. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు, కాలజ్ఞానం చెప్పారు. ఆంధ్రలో బ్రహ్మంగారి కాలజ్ఞానం తెలియనివాళ్లు లేరు, ఈ రెండో కాలజ్ఞానం సంగతి ఎత్తితే చాలామంది తెల్లముఖం వేస్తారు. బెంగళూరు రామయ్య కాలేజీలు, ఆస్పత్రి పెట్టిన ఎం.ఎస్.రామయ్య ఈ తాతయ్య భక్తులు. కైవారం క్షేత్రం అభివృద్ధిలో ఆయన చెయ్యి పెద్దది. అక్కడ భజనలో కూర్చుంటే, పక్కాయన చేతిలో కన్నడ అక్షరాల పుస్తకం, నోట తెలుగు తత్త్వం.

ఒక్క చిక్కుంది. మన ‘చలి’, ‘చాప’ల్లోని ‘చ’ దంతాల దగ్గర పలికేది. కన్నడంలో ఆ పలుకు లేదు. ఇంట్లో తెలుగు విన్న పిల్ల కన్నడ లిపిలో చదివినా సరిగ్గానే పలుకుతుంది. వినని పిల్ల ‘చల్లని’ని ‘చక్రం’లోని ‘చ’తో పాడుతుంది. లిపి మారితే భాషకు వచ్చే నష్టం, నాకు తెలిసి, ఇంతే. చెవి ఉంటే అదీ లేదు.

◆ కోట హైస్కూలు మైదానంలో ఏటా శ్రీరామనవమికి నెల రోజులకు పైగా కచేరీలు నడుస్తాయి. 1939లో శ్రీరామ సేవా మండలి మొదలుపెట్టిన పండుగ ఇది. వేదిక మీద గాయకుడు తమిళుడు, మైకు ముందు ప్రకటనలు కన్నడంలో, ఎదురుగా కూర్చున్న వేలమంది తల ఊపుతున్నది త్యాగయ్య తెలుగుకు.

◆ బెంగళూరు నాగరత్నమ్మ నంజనగూడులో 1878లో పుట్టింది. ఈ కన్నడనాటి కళాకారిణే కవయిత్రి ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ ప్రతిని సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. తెలుగు పండితులు అశ్లీలమని గగ్గోలు పెట్టారు, ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి గుడి కట్టించింది కూడా ఆవిడే. తెలుగు సాహిత్యాన్ని తెలుగువాళ్ల నుంచి కాపాడడానికి ఇంటి పేరుగా బెంగళూరు ఉన్న మనిషి రావాల్సి వచ్చింది.

◆ పొద్దున ఆరున్నర. ఏ లేఔట్‌లోనైనా సరే, చెత్త ఆటో కన్నడ పాట పెట్టుకుని మలుపు తిరుగుతుంది. వెనక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, చేతుల్లో పొడవాటి చీపుళ్లు. ‘అక్కా, ఆ మూల కసువు ఎత్తలేదే’ అని ఒకామె. ‘నువ్వు నూకు, నేనెత్తుతా’ అని రెండో ఆమె. గేటు దగ్గరి పెద్దాయనతో కన్నడం. ఆటో తోలే అబ్బాయితో దక్కనీ. పై అంతస్తు నుంచి దిగిన తెలుగు సాఫ్ట్‌వేర్ దంపతులు సంచీ అందిస్తూ ఆమెతో వచ్చీరాని హిందీ మాట్లాడతారు. ఆమె కూడా హిందీలోనే రెండు మాటలు చెప్పి పంపేస్తుంది. ఇరుపక్కలా తెలుగే ఉందని ఎవరికీ తట్టదు.

బెంగళూరు వీధుల్ని శుభ్రం చేసే పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల ఆడవాళ్లు. పెద్దలు అనంతపురం, చిత్తూరు, కోలారు పల్లెల నుంచి కరువులకు, కూలికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. కాలనీల్లో మూడో తరం, నాలుగో తరం కూడా ఇంట్లో తెలుగే. పిల్లలు వెళ్లేది కన్నడ బడికి. రాయలసీమ ‘కసువు’, కన్నడ ‘కస’ ఇక్కడ ఎదురెదురుగా బతుకుతున్నాయి. ఈ ఊళ్లో ఏ అకాడమీ, ఏ సాహితీ సభ సాయం లేకుండా తెలుగును రోజూ వాడుతున్నది వీళ్లే. మాతృభాషా దినోత్సవాల వేదికల మీద వీళ్లకు కుర్చీ వేసిన దాఖలా నేను చూడలేదు.

◆ జనాభా లెక్కల పట్టికల్లో ‘తెలుగు’ అన్న గంప కింద విడిగా ‘వడరి’ అని ఒక గడి ఉంటుంది. వడ్డెరల మాట అది. చెరువు కట్టలు వేసి, బండలు పగలగొట్టి, రాళ్లు చెక్కిన కులం. కర్ణాటకలో భోవి అనీ అంటారు. బెంగళూరు పాత ఇళ్ల పునాదుల్లో, ప్రహరీలుగా నిలబెట్టిన చప్పడి బండల్లో వీళ్ల ఉలిదెబ్బలున్నాయి. వీళ్ల తెలుగుకు లిపి లేదు, పత్రిక లేదు, పాఠ్యపుస్తకం లేదు. తెలుగు సంఘాల్లో ఇది ‘అసలు తెలుగు కాదు’. కన్నడ సంఘాల్లో ‘కన్నడం కాదు’. లెక్కల్లో మాత్రం ఆ గడి పోలేదు, ఎందుకంటే ఎన్యూమరేటర్ ముందు ‘మాది వడరి’ అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.

◆ ఇలాంటి స్థితి మనవాళ్లకే కాదు. రష్యాలో ఓల్గా నదికి తూర్పున ఉద్ముర్తియా అని ఒక గణతంత్రం ఉంది. అక్కడి ఉద్ముర్త్ భాషే రష్యన్ పక్కన చిన్నది. దాంట్లోనూ బెసెర్మ్యన్ అని ఇంకా చిన్న మాండలికం. 2010 లెక్కల్లో బెసెర్మ్యన్‌లమని చెప్పుకున్నవాళ్లు రెండు వేల పైచిలుకు. చిన్న భాషలో చిన్న యాస మాట్లాడేవాడు రెండు గడపలు దాటాలి: బయట రష్యన్, బడిలో ఉంటే గింటే ప్రామాణిక ఉద్ముర్త్. మిగిలింది వంటిల్లు, పాట. 2012లో బాకూలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో బురానొవో గ్రామపు అవ్వలు పల్లె దుస్తుల్లో వెళ్లి, ఉద్ముర్త్‌లోనూ ఇంగ్లీషులోనూ కలిపి పాడి రెండో స్థానం కొట్టారు. అప్పటిదాకా ఆ భాష పేరు విననివాళ్లు ఖండమంతా ఉన్నారు.

◆ మన దగ్గరా పాటదే పైచేయి. బళ్లారి జిల్లా దరోజికి చెందిన బుర్రకథ ఈరమ్మ బుడగ జంగాల ఇంట పుట్టి, చదువు లేకుండానే పెద్ద పెద్ద కథలు నోటికి ఉంచుకుంది. కర్ణాటక ప్రభుత్వం 1999లో ఆమెకు రాజ్యోత్సవ పురస్కారం ఇచ్చింది. 2014లో వెళ్లిపోయింది. ఇలాంటి నోటి కథల మీద పరిశోధన చేసినవాళ్లూ ఇక్కడున్నారు. బెంగళూరు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ ఉంది. అక్కడ పనిచేసిన తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథా కవిత్వం మీద చేసిన కృషి జానపద పరిశోధకులందరికీ తెలుసు.

◆ చట్టం ఏమంటుంది? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందే ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో పాటు చేర్చిన మాట అది. కర్ణాటక పదో తరగతిలో తెలుగును మొదటి భాషగా తీసుకోవచ్చు కూడా. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక కేసులోనే, ప్రాథమిక దశలో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదంది. పిల్లవాడి మాతృభాష ఏదో తేల్చాల్సింది తల్లిదండ్రులేనంది. ఆ తీర్పు కోరి తెచ్చుకున్నది ఇంగ్లీషు బళ్లవాళ్లు. తెలుగు బడి కావాలని క్యూ కట్టిన తల్లిదండ్రుల్ని మాత్రం నేనెక్కడా చూడలేదు.

ఆదివారం తెలుగు తరగతులు అక్కడక్కడా నడుస్తాయి. మంచిదే. కానీ అవ్వ ‘యాడికి’ అంటే, పంతులమ్మ దాన్ని కొట్టేసి ‘ఎక్కడికి’ అని రాయిస్తుంది. మూడు వారాలు అట్లా దిద్దాక పిల్లవాడు అవ్వతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడతాడు, దాంట్లో అయితే మార్కులు పడతాయని. ‘యాడికి’ని ఉండనిచ్చి, పక్కన ‘ఎక్కడికి’ నేర్పితే ఏం పోతుంది?

◆ బెంగళూరు నుంచి హైదరాబాదు రోడ్డులో రాష్ట్రం దాటే ముందు వచ్చే పెద్ద ఊరు బాగేపల్లి. తెలుగు ఎక్కువగా వినబడే తాలూకా. ‘పల్లి’ తెలుగు మాట కాబట్టి పేరు మార్చాలని 2025 జులైలో నంది కొండ మీద సమావేశమైన కర్ణాటక మంత్రివర్గం తీర్మానించింది. కొత్త పేరు భాగ్యనగర. తెలుగు వాసన పోగొట్టబోయి హైదరాబాదు ముద్దుపేరు తగిలించుకోవడం ఎవరి ఆలోచనో గానీ, వాళ్లకు నా నమస్కారం.

◆ జనవరి 19న మహాయోగి వేమన జయంతిని కర్ణాటక ప్రభుత్వం అధికారికంగా జరుపుతుంది. బెంగళూరులో రెడ్డి జన సంఘం 1923 నుంచీ ఉంది. కోరమంగళలో ఇంజనీరింగ్ కాలేజీకి వేమన పేరే పెట్టారు. కన్నడ అనువాదంలో వేమన చదివి, ఆయన కన్నడ కవేననుకునేవాళ్లు ఎదురైతే వాదించకండి. పద్యం నోటికి వస్తే అదే పదివేలు.

◆ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది చిక్కబళ్లాపురం పక్క ముద్దేనహళ్లిలో. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం నుంచి వచ్చింది. ఇలా ఊరు వదిలినా ఊరి పేరు వదలని ములుకనాటి కుటుంబాలు ఈ వైపు చాలా ఉన్నాయి. వాళ్ల తెలుగు కన్నడంలో నాని, మెత్తబడి, వినడానికి భలే ఉంటుంది.

◆ బెంగళూరుకు నలభై కిలోమీటర్ల దూరంలో, తమిళనాడు గీత దాటగానే హోసూరు. అక్కడా ఇంటింటా తెలుగే. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు మాధ్యమం పిల్లలు పదో తరగతి పరీక్ష కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. అలాంటి పేచీ లేని బెంగళూరులో తెలుగు బడులు వెలవెలబోతుంటే, పేచీ ఉన్న హోసూరులో భాషాభిమానం ఎక్కువ. రచయిత స.వెం.రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’లో పులికాట్ సరస్సు చుట్టుపక్కల తెలుగును యాస చెరపకుండా అచ్చులో పెట్టారు. కబ్బన్‌పేట మగ్గాల తెలుగుకు, వర్తూరు రైతుల తెలుగుకు అలాంటి పుస్తకం ఒకటి పడాల్సి ఉంది.

◆ తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం, సీడెడ్, ఆంధ్రల పక్కన ‘కర్ణాటక’ కూడా ఒక ఏరియా. దాంట్లో ముఖ్యమైన వాటా బెంగళూరుది. ‘సాక్షి’ దినపత్రిక 2008లో ఒక్కసారిగా 23 ఎడిషన్లతో మొదలైనప్పుడు వాటిలో బెంగళూరూ ఉంది. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వారి శ్రీకృష్ణదేవరాయ కళామందిరం నాటకాలకు, అవధానాలకు చిరకాలపు చిరునామా.

◆ ఈ మధ్య వచ్చిన మార్పుల్లో చదువురాని తెలుగుకు అన్నిటికంటే ఎక్కువ కలిసొచ్చింది వాట్సాప్ వాయిస్ మెసేజ్. తెలుగు అక్షరాలు రాని మనవడు ఇంగ్లీషు లిపిలో ‘yaadundaavu’ అని కొట్టే బదులు, బటన్ నొక్కి మాట్లాడేస్తున్నాడు. అటువైపు అవ్వకు ఏ లిపీ రాకపోయినా ఫరవాలేదు. కుటుంబ గ్రూపుల్లో పెళ్లి పిలుపులు, మామిడికాయ ఊరగాయ కొలతలు, ఆస్తి తగాదాలు అన్నీ ఇప్పుడు నోటి తెలుగులోనే నడుస్తున్నాయి. ఫోను నిండిపోయిందని మనవరాలు పాత మెసేజ్‌లు తుడిచెయ్యబోతే, ‘ఊరగాయ కొలత ఉండేది మాత్రం పెట్టుకోమ్మా’ అని అవ్వ అడ్డుపడుతుంది.